చెవుల మీదికి ఉన్ని టోపీ

రియాద్ బస్‌స్టేషన్లో నా పక్కన కూర్చున్న కాకినాడ నర్సు ఫోన్లో అన్నయ్యతో గట్టిగా వాదిస్తోంది. "సెలవు నాది. ముందు హిమాలయాల్లో మున్సియారి చూసి, ఆ కొండపల్లెల్లో నాలుగు రోజులుండి అప్పుడు ఇంటికొస్తాను. నీ సెంటు సీసాలెక్కడికీ పోవులే!" అని పెట్టేసింది.

హిమాలయాలనగానే నాలోని హేతువాది లేచాడు. "ఏం మొక్కుకున్నారమ్మా?" అన్నాను వెటకారంగా.

"మొక్కేంటండీ బాబూ, నేను చర్చికెళ్లేదాన్ని. మంచు చూద్దామని. ఊరికే చూడకూడదా ఏంటి?"

మూఢనమ్మకాల మీద సిద్ధం చేసుకున్న ఉపన్యాసం నోట్లోనే ఉండిపోయింది. ఆ కొండ మీదికి దేవుణ్ణి లాక్కొచ్చింది నేనే. ఎవరైనా కొండలకు వెళ్తున్నామంటే అప్పట్నుంచీ ముందు మంచు సంగతే అడుగుతున్నాను.

ఆ రోజు అంతలోనే ఆమె ఫోన్ మళ్లీ మోగింది. అన్నయ్యే. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే, ఆమె సంచిలోంచి కొత్త ఉన్ని టోపీ తీసి చెవుల మీదికి లాక్కుని, "వినపడట్లేదండీ" అని నవ్వింది.