బొగ్గు ఒత్తిన వజ్రమ్మ

కండ్లకోయలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో వజ్రమ్మ కెమిస్ట్రీ ల్యాబు ఆయా. గాజు సామాను కడగడం, బల్లలు తుడవడం ఆమె పని. రెండువేల ఆరులో కెమిస్ట్రీ పాఠాలు చెప్పే పద్మలత మేడం బోరునీళ్లలోంచి ఉప్పు తీసే ప్రయోగం మొదలుపెట్టాక, బల్లలతో పాటు గోడలు కూడా తుడవాల్సి వచ్చింది.

మేడం పద్ధతి చూడ్డానికి తేలికే. కొబ్బరిచిప్పల బొగ్గును మెత్తగా పొడిచేసి, జిగురు కలిపి రెండు పలకలకు పూస్తారు. పలకల మధ్య నీళ్లు పారిస్తూ కాస్త కరెంటిస్తే ఉప్పు పోయి బొగ్గుకు అంటుకుంటుంది. కరెంటు తిప్పి ఇస్తే వదిలేస్తుంది. వజ్రమ్మ ఈ సంగతి ఇంట్లో చెబితే, పెనిమిటి గాలయ్య శ్రద్ధగా విని, వదిలిన ఉప్పు మామిడికాయ తొక్కుకు పనికొస్తుందా అని అడిగాడు.

ఉప్పు మాట తర్వాత, ముందు బొగ్గే నిలవలేదు. జిగురు తక్కువైతే పెచ్చులుగా ఊడి నీళ్లు నల్లగా వచ్చేవి. ఎక్కువైతే బొగ్గులోని సన్నటి రంధ్రాలు పూడుకుపోయి ఉప్పు అంటేదే కాదు. నాలుగు నెలల్లో ముప్పై జతల పలకలు పాడయ్యాయి. ఒక మధ్యాహ్నం మేడం కుర్చీలో కూలబడి, ఇక పాఠాలు చెప్పుకుంటూ బతుకుతానంది.

వజ్రమ్మ చీపురు పక్కన పెట్టింది.

"ఏమనుకోకుండ్రి మేడం. మీరు సున్నమేసినట్టు పూస్తున్నరు. పిండి లెక్క పిసికి ఒత్తితె ఊడదు గద."

మేడం నవ్వబోయి ఆగింది. బొగ్గుపొడిలో జిగురు కొంచెమే వేసి, స్పిరిట్ చిలకరించి ఆమె ముందు పెట్టింది. వజ్రమ్మ గ్లౌజులు వద్దంది, ముద్ద చేతికి తెలియాలట. అరగంట పిసికేసరికి పొడి కాస్తా రబ్బరులా సాగింది. ఇంటి నుంచి చపాతీ కర్ర తెచ్చి మర్నాడు పలచగా ఒత్తింది. దాన్ని ఆరబెట్టి పలకకు అదిమి నీళ్లు పారిస్తే, తేటగా వచ్చాయి. మీటరు ఉప్పు సగానికి పైగా తగ్గిందని చూపించింది. మేడం మీటరు చెడిందనుకుని ఇంకోటి తెప్పించింది. అదీ అదే చెప్పింది.

ఇంట్లో గాలయ్యకు మాత్రం చపాతీలు బందయ్యాయి. పైగా నీ పెండ్లానికి బొగ్గుబట్టీలో పని దొరికిందా అని, ఆమె నల్లటి చేతులు చూసి వాడకట్టోళ్లు అడుగుతున్నారని గొణిగాడు.

ఆ ఏడాది చివర ప్రయోగం చూడ్డానికి రాజారావు అనే పెద్ద ప్రొఫెసరు వచ్చారు. పలకను వెలుతురుకు పట్టి చూసి, ఇంత సమంగా ఏ మిషన్ మీద వచ్చిందన్నారు. మేడం వజ్రమ్మను ముందుకు పిలిచింది. ఎంత బలంతో ఒత్తావమ్మా అని ఆయన పెన్ను తీశారు.

వజ్రమ్మ గాల్లోనే ఒకసారి ఒత్తి చూసుకుంది. "పూరీకి ఒత్తినంత గాదు సార్. పుల్కా కంటె జెర ఎక్కువ."

ఆయన పెన్ను కాగితం మీద ఆనించి మేడం వైపు చూశారు.

తర్వాతి ఏళ్లలో వచ్చిన పిల్లలకు ముద్ద పిసకడం వజ్రమ్మే నేర్పింది. ఎవరైనా ఎగుడుదిగుడుగా ఒత్తితే, మళ్లీ ముద్దచేసి వాళ్ల చేతిలోనే పెట్టేది. వాళ్లు ఆమెను మేడం అని పిలవసాగారు. మొదట్లో కొన్నాళ్లు, ఎవరొచ్చారోనని ఆమె వెనక్కి తిరిగి చూసేది.