సరిహద్దు దగ్గర సాక్ష్యం

మా ఆయనకు నిజం చెప్పే జబ్బు ఉంది. జబ్బనే అంటాను, ఎవరేమనుకున్నా సరే. ఆదివారం చర్చిలో అయ్యగారు "సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా?" అనడం ఆలస్యం, ఈయన లేచి నిలబడతారు. కుర్రతనంలో రైల్వే యార్డులో ఇత్తడి సామాను దొంగిలించి పట్టుబడ్డానని, ముషీరాబాద్ జైల్లో ఏడాది ఉన్నానని, అక్కడే ప్రభువు తన చెయ్యి పట్టుకున్నాడని మా మెట్టుగూడ అంతా వినబడేలా చెబుతారు. నేనేమో బడిలో పంతులమ్మని. నా దగ్గర చదివే పిల్లల తల్లిదండ్రులు అక్కడే ముందు వరసల్లో కూర్చుంటారు. నా తల ఎక్కడ పెట్టుకోవాలి చెప్పండి!

పెళ్ళిచూపుల్లోనూ అంతే. గుంటూరు నుంచి వచ్చిన మా నాన్న కాఫీ తాగడం పూర్తికాకముందే జైలు సంగతి బయట పెట్టేశారు. "దాచిపెట్టి చేసుకుంటే రేపు మీరే పరేషాన్ అయితరు" అన్నారు. ఆ ఒక్క మాటకి మా నాన్న పడిపోయాడు. నాకు మాత్రం అనుమానం వచ్చింది. అడక్కుండా ఇంత చెప్పాడంటే, ఇంకెంత దాచాడో! నా బుద్ధే అంత. పాలవాడు నవ్వినా ఎందుకు నవ్వాడా అని ఆలోచిస్తాను. ముప్పై ఏళ్ళు ఆయన జేబులు వెతికాను, మాటలు వెతికాను. ఏమీ దొరకలేదు.

ఆయనకి ఉన్నది ఒక్కటే కోరిక. బొల్లారంలో వెల్డింగ్ షాపు మూసి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ అనేవారు, "ప్రభువు మునిగిన యొర్దాను నదిల ఒక్క మునుగు మునిగొస్తే చాలే, ఇగ నాకేం అక్కర్లేదు" అని. రాష్ట్రం ఇంకా విడిపోని రోజుల్లో, మా చర్చి వాళ్ళంతా కలిసి పవిత్ర దేశ యాత్రకు బయలుదేరినప్పుడు అందరికంటే ముందు పేరిచ్చింది ఈయనే.

పాస్‌పోర్టు విచారణకు కానిస్టేబుల్ వచ్చాడు. అతను కుర్చీలో సర్దుకుని కూర్చోనైనా లేదు, మా ఆయన మొదలుపెట్టేశారు. అంతా విని కానిస్టేబుల్ నెత్తి గోక్కున్నాడు. "అరే, గదెప్పటి ముచ్చట పెద్దాయనా! నిన్నెవరన్న అడిగిన్రా?" అన్నాడు. అయినా పాస్‌పోర్టు వచ్చింది. వచ్చినందుకు నాకు ఇంకా భయం వేసింది. ఇక్కడ వదిలేసింది అక్కడ పట్టుకోవడానికేమో! పరాయి దేశం గడప దగ్గర నలుగురిలో నిలబెట్టి, నువ్వు దొంగవి, వెనక్కి పో అంటే?

రెజిమెంటల్ బజార్లో సూట్‌కేసు కొంటూ అడిగాను. "ఏవండీ, సరిహద్దు దగ్గర జైలు సంగతి ఎవరైనా అడిగితే లేదని చెప్పండి. ఒక్క ముక్క. నా మీద ఒట్టు."

"ఒట్లు పెట్టకు. నీకెందుకే గంత భయం?"

"మీకు లేదు కాబట్టి."

ఆయన సూట్‌కేసు జిప్పు తీసి వేసి, తీసి వేసి చూశారు. నేనూ వదల్లేదు. విమానంలో కూడా అదే పాట.

జోర్డాన్ వైపు నుంచి ఇశ్రాయేలులోకి వెళ్ళే చోట మమ్మల్ని బస్సు దింపి వరసలో నిలబెట్టారు. కిటికీలో యూనిఫాం వేసుకున్న ఆడపిల్ల, నా పదో తరగతి పిల్లల కంటే పెద్దదేం కాదు. చూపు మాత్రం సూదిలా ఉంది. నా ముందు ఆయన. పెట్టె ఎవరు సర్దారు, దార్లో ఎవరైనా ఏమైనా ఇచ్చారా అని ఇంగ్లీషులో అడుగుతోంది. తర్వాత అడిగింది, ఎప్పుడైనా అరెస్టయ్యారా, జైలుకెళ్ళారా అని.

 ఇప్పుడు సాక్ష్యం మొదలుపెడతారు, అయిపోయాం అనుకున్నాను.

"నో మేడం. నెవర్" అన్నారాయన.

ఆ పిల్ల మళ్ళీ ఇంకోలా అడిగింది. "వెల్డింగ్ వర్క్ మేడం. జైలుకు పోవుటకు నో టైమ్" అన్నారు నవ్వుతూ. ఆమెకి ఏం అర్థమైందో, తనూ నవ్వి పంపించేసింది.

హమ్మయ్య అనుకోవాలా, వద్దా?  ఆయన కన్నార్పలేదు, గొంతు తడబడలేదు. ఎంత నున్నగా అనేశారు! నా వంతు వచ్చేసరికి ఆయన వెళ్ళిన వైపే చూస్తూ, ఒకటడిగితే ఇంకోటి చెప్పాను. ఆ పిల్లకి నా మీదే అనుమానం వచ్చి పక్కకు పిలిపించింది. నా సంచి అంతా దులిపి, బీపీ మాత్రలు లెక్కపెట్టి, గోంగూర పచ్చడి సీసా వాసన చూసి మరీ వదిలారు. దొంగ మొహం నాదన్నమాట!

బస్సెక్కగానే అడిగేశాను. "అంత బాగా అబద్ధమాడటం ఎప్పుడు నేర్చుకున్నారు?"

"నువ్వే కదనే నేర్పింది."

"ఈ ముప్పై ఏళ్ళలో నాతో ఎన్ని ఆడారు?"

ఆయన నా వంక చూశారు. కోపం కాదు, అలసట. "గీ మాట ఒకనాడు అడుగుతవని ఎరికే. గందుకే ఒక్కటి సుత ఆడలే" అని కిటికీ వైపు తిరిగిపోయారు. చెంపదెబ్బ కొట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

నది దగ్గర అందరికీ తెల్లటి అంగీలిచ్చారు. ఆయన తన అంగీ మడత విప్పలేదు. మెట్ల మీద కూర్చుండిపోయారు.

"రండి" అన్నాను.

"నువ్వు పో."

"దీనికోసమే కదండీ ఇంత దూరం వచ్చింది!"

"పొద్దుగాల అబద్ధమాడి, మాపటికి మునుగుడా? గదేం పద్ధతే?"

బతిమాలాను. తిట్టాను. ఏడ్చాను కూడా, అందరూ చూస్తున్నా సరే. ఆయన కదల్లేదు. మళ్ళీ వచ్చే స్తోమత మాకు లేదని ఇద్దరికీ తెలుసు.

అంతలో మా చర్చి ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆయన దగ్గరికొచ్చారు. "అన్నా, జెర ఇవి చూస్తుండు" అంటూ పర్సులు, పాస్‌పోర్టులు, మెడలో గొలుసులు తీసి ఆయన ఒళ్ళో పెట్టి నీళ్ళలోకి దిగారు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన జైలు సంగతి తెలియనివాళ్ళు వాళ్ళలో ఒక్కరూ లేరు.