ఆ పది నిమిషాలు మాట్లాడకూడదు

ఆ రోజు పరీక్ష విరామంలో మాట్లాడింది ఆమె కాదు, నేను. ఈ సంగతి ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు. పదో తరగతి నుంచి రోజూ డైరీ రాసే అలవాటున్నదాన్ని, ఆ రోజు పేజీలో మాత్రం "పరీక్ష అయింది, ఎండ బాగా ఉంది" అని రాసి మూసేశాను.

ఆమె నా దోస్తు. నల్లగొండలో నర్సింగ్ చదివేటప్పుడు ఒకే గదిలో కిరాయికి ఉన్నాం. తర్వాత ఒకే ప్రైవేటు దవాఖానలో పనికి కుదిరాం. మాది కేతేపల్లి దగ్గర, ఆమెది హాలియా. నేను నలుగురిలో నోరు విప్పలేను. మెస్సులో కూర చాలకపోయినా అడగను. బస్సు నా స్టేజీ దాటిపోతున్నా ఆపమనలేను. అవన్నీ నా బదులు ఆమే అడిగేది.

"ఓ అన్నా, ఆపు! గీ పిల్లకు నోట్లె నాలుక లేదు, దిగాలె!" అని ఆమె అరిస్తే బస్సంతా నవ్వేది. నాకు సిగ్గయ్యేది. దిగాక హాయిగా ఉండేది. వార్డులో డాక్టరు నన్నేమడిగినా అంతే, నేను మాట వెతుక్కునేలోపు ఆమె జవాబు చెప్పేసేది. అది మా ఇద్దరికీ అలవాటైపోయింది.

బయటి దేశంలో నర్సు ఉద్యోగానికి ఇద్దరం ఎంపికయ్యాం. ఇంగ్లీషు పరీక్షలో కావలసిన మార్కులు తెచ్చుకుని నెలాఖరులోపు ఆ కాగితం పంపాలి. నాకది ఒక ఉద్యోగం, అంతే. ఆమెకు వాళ్ళ నాయిన ముందే చెప్పేశాడట: "ఒక్కసారి రాయి బిడ్డా. వచ్చిందా, పో. రాలేదా, కొల్లాపూర్ బావతోని పెండ్లి." బావ చెడ్డవాడు కాదు. కానీ పెళ్ళయ్యాక దవాఖాన డ్యూటీలు వద్దన్నాడు. ఆమెకు ఆ డ్యూటీలంటే ప్రాణం. సూది వేసేటప్పుడు ముసలవ్వలను నవ్వించి, వాళ్ళు నవ్వుతుండగానే పని ముగించేది.

పరీక్ష హైదరాబాదులో. ఫోన్లు, సంచులు అరల్లో పెట్టించి తాళం వేయించాక ఒక మేడం నియమాలు చదివి వినిపించింది. నడుమ పది నిమిషాల విరామం ఉంటుంది. నీళ్ళు తాగొచ్చు, బాత్రూముకు పోవచ్చు. ఫోను ముట్టకూడదు, బిల్డింగు దాటకూడదు, తిరిగి వచ్చేటప్పుడు వేలిముద్ర వేయాలి. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, ఏ భాషలోనైనా, ఏ విషయమైనా. మాట్లాడితే పరీక్ష అక్కడితో రద్దు.

ఆమె నా చెవి దగ్గరికి వంగి, "గీ రూలు నీకోసమే పెట్టిన్రే. గిండ్ల ఫస్టు క్లాసుల పాసైతవ్," అంది. నవ్వు ఆపుకోలేకపోయాను.

విని రాసేది, చదివి రాసేది అయిపోయాయి. విరామం తర్వాత మైకులో మాట్లాడే భాగం. వరండాలో నీళ్ళ డబ్బా దగ్గర ఇద్దరం గోడవైపు తిరిగి నిలబడ్డాం. నేను గ్లాసు నింపుకుని తాగి, మళ్ళీ నింపుకున్నాను. ఎప్పుడూ ముందుగా మాట్లాడని దాన్ని, అప్పుడెందుకు మాట్లాడానో నాకే తెలియదు.

"నాకు భయమైతాందే," అన్నాను.

ఆమె కళ్ళతోనే ఊరుకోమంది. నాడి చూసేటప్పటిలా నా మణికట్టు మీద వేళ్ళు పెట్టి ఒకసారి గట్టిగా నొక్కింది.

వెనక చెప్పుల చప్పుడు. మేడంకు మా వీపులే కనిపించి ఉంటాయి.

"ఎవరు మాట్లాడింది?"

నేను నోరు తెరిచాను. తెరిచాననే అనుకుంటున్నాను. ఆలోపే ఆమె, ఎప్పటిలాగే, "నేనే మేడం," అంది. అలవాటుకొద్దీ అందో, ఆలోచించే అందో నాకు ఈ రోజుకీ తెలియదు. అన్నాక మాత్రం ఆమె ముఖం పాలిపోయింది.

"ఏమడిగావు? జవాబులా?"

"లేదు మేడం. భయమైతాంది అన్న."

"ఏదైనా ఒకటే. ముందే చెప్పాం కదా."

మేడం నావైపు చూసింది. నేను గ్లాసులోకి చూశాను. ఆమెను పక్క గదిలోకి తీసుకెళ్ళారు. విరామం అయిపోయిందని పిలిచారు. నేను వేలిముద్ర వేసి లోపలికి వెళ్ళాను.

మైకు ముందు నా గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు. అంత ధారగా నేను ఏ భాషలోనూ ఎన్నడూ మాట్లాడలేదు.

బయటికి వచ్చేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉడకబెట్టిన పల్లికాయ తింటోంది. సగం నాకు మిగిల్చింది.

"మాట్లాడినవా?"

తలూపాను.

"చూసినవా, ఊకనే భయపడ్డవ్. గా భయమేదో జర లోపలనే మింగకపోయినవా," అని నవ్వబోయి, కాయ పొట్టు తీస్తూ తల వంచుకుంది.

నెలాఖరులోపు ఇంకో పరీక్ష తేదీ లేదు; ఉన్నా, వాళ్ళ నాయిన ఒక్కసారే అన్నాడు. రద్దు మీద అభ్యంతరం ఉంటే వారంలోగా రాసి పంపవచ్చని వాళ్ళిచ్చిన కాగితంలో ఉంది. "మాట్లాడింది నేను, ఆమె కాదు" అని ఉత్తరం మూడుసార్లు రాశాను. మూడోది తప్పుల్లేకుండా వచ్చింది. పంపితే నా మార్కులూ పోతాయి. పంపలేదు. ఆమె కూడా పంపమనలేదు. అడిగి ఉంటే పంపేదాన్నని చాలా రోజులు అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట నేనే నమ్మను.

నా మార్కులు వచ్చాయి, ఉద్యోగం కాగితాలూ వచ్చాయి. అమ్మకు ఒంట్లో బాగుండటం లేదని చెప్పి నేను వెళ్ళలేదు. అమ్మ బాగానే ఉంది. కాగితాలు డైరీల కింద ఉన్నాయి.

ఎండాకాలంలో కొల్లాపూర్‌లో ఆమె పెళ్ళి. దవాఖాన వాళ్ళమంతా కలిసి వెళ్ళాం. పందిట్లో వాళ్ళ మేనత్త నన్ను పట్టుకుని, "దోస్తువు నువ్వేనా? గింత గూడ మాట్లాడవేందే? ఇద్దరి మాటలు మా పిల్లనే మాట్లాడినట్టున్నది!" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పీట మీద కూర్చున్న ఆమె నవ్వలేదు. నేను వంగి ఆమె మణికట్టు పట్టుకున్నాను. "ఆ దినం నేను చెప్పాల్సి ఉండె. మాట్లాడింది నేనే అని మేడంతోని..." అన్నాను.

ఆ తర్వాత ఆమె ఫోను నంబరు మారింది. కొత్తది నాకు రాలేదు. కాబట్టి పసుపు రాసిన చేతిని నా చేతిలోంచి మెల్లగా తీసుకుంటూ అప్పుడు ఆమె అన్నదే చివరి మాటగా మిగిలింది.

"ఇప్పుడొచ్చినయా నీకు మాటలు? పో, పోయి అన్నం తిను."