మూడో రోజు ప్రసాదం

మా అపార్ట్‌మెంట్‌లో చెప్పుకునేది ఏమిటంటే, నాకు కంప్యూటర్ రాదనీ, వచ్చినట్టు ఫోజు కొట్టి వినాయకుణ్ణి పస్తు పెట్టాననీ. రెండూ అబద్ధాలే. నేను డిగ్రీలో లెక్కలు చదివినదాన్ని, పదిహేనేళ్లు ఆఫీసులో ప్రోగ్రాములు రాసినదాన్ని. వినాయకుడు పస్తున్నది కూడా ముప్పావుగంటే.

కాకపోతే నేను రాసినవన్నీ పాతకాలపు ప్రోగ్రాములు. కొత్తది నేర్చుకుందామని అశోక్ నగర్‌లో, కోచింగ్ పిల్లలతో కిక్కిరిసిన వీధిలో, ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ క్లాసులో చేరాను. నేర్పేది పాతికేళ్ల అమ్మాయి. ఈ భాషలో ఒక పేరుకు ఒకసారి పెట్టిన విలువ ఇక మారదని మొదటి రోజే తేల్చి చెప్పింది.

"మారకపోతే ఎలాగమ్మా? సాంబార్లో ఉప్పు తక్కువైందనుకో, వేయకూడదా?"

"వేయరాదు ఆంటీ. ఉప్పు సరిపోయిన కొత్త సాంబార్ చేసుకోవాలె. పాతది అట్లనే ఉంటది."

"రెండు గిన్నెలు ఎవరు తోముతారు?"

"అవే తోముకుంటయి ఆంటీ."

"అలాంటి వంటిల్లు ఎక్కడుందో అడ్రసు చెప్పు. ఇంకోసారి ఆంటీ అనకు."

"సరే అక్కా."

రెండో వారం, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూపులు కూడా లేవంది. ఫంక్షన్, అంటే ఒక పని చేసిపెట్టే ప్రోగ్రాం ముక్క, తనను తానే పిలుచుకోవాలట. నేను రాసినదానికి ఎక్కడ ఆగాలో చెప్పడం మరిచాను. లాప్‌టాప్ ఫ్యాను చిక్కడపల్లి ఆటోలా అరిచింది.

ఆ ధైర్యంతోనే చవితి మీటింగులో నోరు జారాను. తొమ్మిది రోజులు ఏ ఫ్లాటువాళ్లు ఏ రోజు ప్రసాదం తేవాలో మా సెక్రటరీగారు నోటుపుస్తకంలో కొట్టివేతలతో రాస్తారు. అది చదవాలంటే ఆయనే కావాలి. ఈసారి ప్రోగ్రాం రాసి జాబితా నేను చేస్తానన్నాను. తప్పు పడితే ఆ పని ఇక ఎప్పటికీ మీదే అని కూడా అన్నాను.

"జర సోచాయించుండ్రి మేడం," అన్నారాయన. "నా బుక్కుకు చార్జింగ్ అక్కర్లేదు."

కింది ఫ్లాటావిడది మూడో రోజు, పై ఫ్లాటావిడది ఐదో రోజు. ఇద్దరూ రోజులు మార్చుకుంటామని అడిగారు. ఓస్, ఇంతేనా అని, రెండు పేర్లు తారుమారు చేసే ఫంక్షన్ రాసి నడిపాను. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. జాబితా ప్రింటు తీసి లిఫ్టు పక్కన అంటించాను. చదివి చూసుకున్నానా? కంప్యూటర్ చేసినదాన్ని మళ్లీ చూడ్డమేమిటని గర్వం.

మూడో రోజు సాయంత్రం పంతులుగారు గంట పట్టుకుని, "నైవేద్యం ఏదమ్మా?" అన్నారు. కింది ఫ్లాటావిడ, రోజులు మార్చేశానన్న నా మాట నమ్మి జాబితా చూడనేలేదు. పై ఫ్లాటావిడ చూసింది, ఐదో రోజనే ఉంది, మార్చలేదు కాబోలనుకుంది. మావారు స్కూటర్ మీద నారాయణగూడ వెళ్లి అరటిపళ్లూ పుట్నాలూ తెచ్చేసరికి ముప్పావుగంట. ఐదో రోజు ఇద్దరూ పంతం పట్టి చెరో బేసిన్ పులిహోరతో దిగారు.

సెక్రటరీగారు ఎంత తేలికో చూపించడానికి నా జాబితా మీదే పెన్నుతో ఆ రెండు పేర్లూ దిద్దారు. "గిట్ల కొట్టేసినం, గిట్ల రాసినం. అయిపాయె. బుక్కు ఇంక నా తాననే ఉంటది, ఏమంటరు మేడం?"

ఏమంటాను? అన్న మాట నాదే.

మర్నాడు లాప్‌టాప్ తీసుకెళ్లి ఆ అమ్మాయి ముందు పెట్టాను. చూసి నవ్వాపుకుంది. "ప్రోగ్రాం తప్పేం చేయలేదు అక్కా. పేర్లు మార్చి కొత్త జాబితా మీ చేతికిచ్చింది. మీరు దానికి ఓ పేరు పెట్టి దాచుకోలే, పాతదాన్నే ప్రింట్ కొట్టిన్రు."

"మరి కొత్తది ఏదీ?"

"ఎవరూ పట్టుకోలేదని పారేసింది."

మా ఇంట్లో పాత క్యాలెండర్ పారేయాలన్నా నలుగురినీ అడుగుతాం. తప్పుల జాబితాను అంత పదిలంగా దాచిపెట్టిన ఆ భాష, సరైనదాన్ని పారేసే ముందు, "ఇది మీకు అక్కర్లేదా?" అని నన్నొక్క మాట ఎందుకు అడగలేదు?