హన్మాండ్లు కాక ఫోన్ రామాయణం

హన్మాండ్లు కాక మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు ఆయన చొక్కా జేబులోంచి ఎవరో గట్టిగా దగ్గారు.

సౌదీలోని ధహ్రాన్‌లో మేముండే కాంపౌండులో ఏసీలు బాగుచేసే మనిషి ఆయన. నిచ్చెనెక్కి హాల్లో ఏసీ మూత విప్పుతున్నాడు. మా పాప జ్వరం పడి లేచిన వారం అది. దుమ్ము రాలి మళ్లీ దగ్గు పట్టుకుంటుందేమోనని పాపను చంకనేసుకుని గది గుమ్మంలోనే నిలబడ్డాను. జేబులో దగ్గు తర్వాత ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వచ్చింది. ఫోన్ కట్ చేయడం మరిచిపోయినట్టున్నారని చెప్పాను.

"మరువలే బిడ్డా. లైన్ మీదున్నం," అన్నాడు కిందికి చూడకుండానే. "గా దగ్గినోడు మా రావణాసురుడు. ఉనైజాల ఖర్జూర తోటల పనిజేస్తడు."

ఆయనది మెట్‌పల్లి దగ్గర పల్లె. చిరుతల రామాయణం నేర్పే గురువు. చేతుల్లో చిరుతలనే చెక్క తాళాలు వాయిస్తూ, గుండ్రంగా తిరుగుతూ, రామాయణమంతా పాడి ఆడే ఆట అది. మా అమ్మమ్మగారిది ఆర్మూరు కావడంతో చిన్నప్పుడు నేనూ చూశాను. ఆ మాట చెప్పగానే ఆయన నిచ్చెన దిగి వచ్చాడు. ఇక "కాకా" అనకుండా ఎలా ఉంటాను?

చాయ్ తాగుతూ సంగతంతా చెప్పాడు. ఆయన ఊరివాళ్లు సౌదీలో తలా ఒక దిక్కున ఉన్నారు. ఖతీఫ్‌లో పైపుల పనిచేసే యాదగిరి, అతని గదిలోని వాళ్లు వంత పాడతారు. రావణుడు లింబాద్రి కొత్తవాడు. పాత రావణుడికి గొంతు ఆపరేషన్ అయ్యాక ఆ వేషానికి మనిషి లేక ఊళ్లో ఆట ఆగిపోయింది. ఈ ఏడు అందరికీ ఒకేసారి సెలవు దొరికింది. ఊరికి వెళ్లి ఆట ఆడాలి. కాకకు వీళ్లందరితో అది ఆఖరి ఆట కూడా కావచ్చు. ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్తున్నాడు, ఇక తిరిగి రాడు.

చిక్కల్లా రావణుడు పాడుతూ ప్రవేశించే దరువుతోనే. లింబాద్రికి పిడుగులాంటి గొంతు ఉంది కానీ, కాక తాళం కొట్టిన ప్రతిసారీ ఒక దెబ్బ వెనకబడతాడు. విమానమెక్కేలోపు ఆ దరువు తాళంలో పడకపోతే ఆట లేనట్టేనని కాక తేల్చి చెప్పేశాడు. సెలవు రోజులు నేర్పడానికి చాలవు. ఊరి ముందు తప్పు తాళంతో రావణుణ్ని దింపనన్నాడు.

లింబాద్రి ఉండే తోటలో నెట్ రాదు, మామూలు కాల్ మాత్రమే వస్తుంది. అందుకని ఖోబర్‌లో సిమ్ కార్డుల అంగడి నడిపే కడప జావీద్ వీళ్లకు ఒక దారి చూపించాడు. అమెరికాలో ఒక ఉచిత కాన్ఫరెన్స్ నంబరుంది. ఎంతమంది డయల్ చేసినా అందరూ ఒకే లైన్లో కలుస్తారు. నెలకొకసారి డబ్బు కడితే అమెరికాకు ఎంతసేపైనా మాట్లాడుకోగల ప్యాక్ అతనే వేయించాడు.

ఉచితం అనగానే నాకు భయం పట్టుకుంది. నేను ఫిజిక్స్ చదువుకున్నదాన్ని. శక్తి ఎక్కడినుంచో రాకుండా పని జరగదు. మాటలు రికార్డు చేస్తున్నారేమో, నంబర్లు దొంగిలిస్తున్నారేమో జాగ్రత్త అన్నాను.

"మా రావణుణ్ని దొంగిలించి ఏం జేసుకుంటరు బిడ్డా? వానికి తాళమే రాకపాయె," అని నవ్వేసి వెళ్లిపోయాడు.

సెలవులు దగ్గర పడుతుండగా ఒక పొద్దున ఏసీ పైపు చూడటానికి వచ్చాడు. జేబులో చప్పుడు లేదు. ఆ నంబరు కొడితే ఈ ప్యాక్ మీద కలవదని ఇంగ్లీషులో ఏదో చెబుతోందట. అందరికీ అదే వస్తోందట. ముఖం మాడ్చుకుని పని చేసుకుంటున్న మనిషిని చూస్తే నాకు ఉండబట్టలేదు. పాప నిద్రపోయాక ఆ నంబరు గురించి చదవడానికి కూర్చున్నాను.

చదివేకొద్దీ నాకు ఒళ్లు పులకరించింది. ఉచితం వెనక ఉన్న లెక్క ఎంత తేలికైనదో! ఆ నంబరు అమెరికాలో ఏదో పల్లెటూరి చిన్న ఫోన్ కంపెనీది. మన కాల్‌ను మోసుకెళ్లే పెద్ద కంపెనీ, ఆఖరి గడప దాటించినందుకు ఆ చిన్న కంపెనీకి నిమిషానికింతని రుసుము కట్టాలి. పల్లెల్లో ఆ రుసుము ఎక్కువ. చిన్న కంపెనీ అందులో కొంత కాన్ఫరెన్స్ వాళ్లకు పంచుతుంది. అంటే జనం ఎంతసేపు లైన్ మీద ఉంటే వాళ్లకు అంత రాబడి. మనవాళ్ల దగ్గర నెలకొకసారే తీసుకునే ప్యాక్ కంపెనీకి మాత్రం నిమిషం నిమిషానికీ నష్టం. అది ఎన్నాళ్లని భరిస్తుంది?

జావీద్‌కు ఫోన్ చేసి అడిగాను. "అవునక్కా, ఆపేసినారు. ఆ ఒక్క నంబరుకే అంత వాడకమేందని కంపెనీవాళ్లు నన్నే అడుగుతాండారు. మీవోళ్లు అంతసేపు ఏం మాట్లాడతారక్కా?" అన్నాడు.

నాకూ అదే సందేహం. సాయంత్రం కాకను పిలిచి అడిగితే, పెద్దగా ఏమీ మాట్లాడుకోమనీ, పని సందుల్లో కాసేపు పాడతామనీ అన్నాడు. మరి మిగతా సమయం లైన్ ఎందుకు పెట్టుకుని ఉంటారని అడిగాను.

ఆయన నా వైపు వింతగా చూశాడు. చిరుతలు పట్టి చుట్టులో నిలబడ్డాక, మంగళం పాడేదాకా ఎవరూ బయటికి అడుగు పెట్టకూడదు. వాళ్ల తాతల నాటి కట్టు అది. ఫోన్‌లో ఆటకు కూడా అదే కట్టు పెట్టాడు. పొద్దున డ్యూటీకి పోతూ లైన్ ఎక్కుతారు, రాత్రి మంగళం పాడాకే దిగుతారు. మధ్యలో వంటలు, దగ్గులు, పైపులు కోసే చప్పుళ్లు అన్నీ అమెరికా పోయి వచ్చేవన్నమాట.

రుసుము సంగతి విడమరచి చెప్పాను.

"అంటే మేం సప్పుడు జెయ్యకుంట కూసున్నా ఎవనికో పైసలచ్చినయా?"

"వచ్చాయి కాకా. మీరు పాడినా అంతే, పడుకున్నా అంతే."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. పాప కూడా ఆయన్ని చూసి నవ్వింది. కానీ వెంటనే ఆయన గొంతు తగ్గిపోయింది. "మరి రావణుడెట్ల బిడ్డా?"

అప్పటికే నా దగ్గర ఉపాయం ఉంది. మామూలు ఫోన్‌లోనే ఒకరు నలుగురైదుగురిని కలుపుకోవచ్చు. ఆ కలిసినవాళ్లలో ఒకరు ఇంకొందరిని కలుపుకుంటే చెట్టు కొమ్మల్లా పెరుగుతుంది. అన్నీ సౌదీ లోపలి కాల్సే. వాళ్ల ప్యాకుల్లో వాటికి నిమిషాలున్నాయి, కాసేపటికి సరిపోతాయి. ఒక్కటే షరతు పెట్టాను. నడుమ కొమ్మ తెగితే దాని మీదున్నవాళ్లంతా రాలిపోతారు, కాబట్టి ఎవరూ మధ్యలో పెట్టేయకూడదు.

"గది మాకు నేర్పేదే లేదు," అన్నాడు కాక.

శుక్రవారం భోజనాలయ్యాక మా హాల్లోనే మొదలుపెట్టాం. పాప ఎక్కడ ఏడుస్తుందోనని మా ఆయనకు ఎత్తుకోమని ఇచ్చాను. కాక తన సంచిలోంచి రెండు స్పానర్లు తీశాడు. చిరుతలు ఊళ్లోనే ఉన్నాయి. లింబాద్రిని, యాదగిరిని కలిపాడు. యాదగిరి వేరే గదుల్లోని వాళ్లను కలిపాడు. అంతా సిద్ధమనుకునే సరికి యాదగిరికి వాళ్ల ఫోర్‌మన్ కాల్ వచ్చింది, అతను ఎత్తాడు, అతని కింద ఉన్నవాళ్లందరూ మాయమైపోయారు.

"ఫోర్‌మన్‌కు సుత వేషమిచ్చినవారా యాదిగా?" అని కాక కేకేశాడు. మళ్లీ అందరినీ కలిపాం.

కాక స్పానర్లతో తాళం వేశాడు. లింబాద్రి అందుకున్నాడు.

లంకనేలే రాజునొస్తిని, దారి విడువుండ్రో...

వంత పాడేవాళ్లు అందుకున్నారు. కాక చేతులు ఆగిపోయాయి. లింబాద్రి కంగారుగా తనూ ఆగిపోయి, మళ్లీ వెనకబడ్డానా అని అడిగాడు. కాక మళ్లీ తాళం వేశాడు. ఈసారీ లింబాద్రి గొంతు సరిగ్గా దెబ్బ మీదే పడింది. మూడోసారీ అంతే.

నాకు చటుక్కున వెలిగింది. కేకేసినంత పని చేశాను. ఇన్నాళ్లూ కాక దెబ్బ అమెరికా పోయి ఉనైజా చేరేది. అది విని లింబాద్రి పాడితే, ఆ పాట మళ్లీ అమెరికా తిరిగి ధహ్రాన్ వచ్చేది. పాతవాళ్లు అలవాటు మీద లోపలి తాళంతో పాడుకుపోయేవారు. కొత్తవాడు కాబట్టి లింబాద్రి ఒక్కడే ప్రతి దెబ్బా విని, దానికి సరిగ్గా పాడేవాడు. ఆలస్యం దారిది, అతనిది కాదు. ఇప్పుడు దారి దగ్గరైంది.

చెప్పడం అయ్యేసరికి కాక స్పానర్లు ఒళ్లో పెట్టుకుని ఫోన్‌కేసి చూస్తున్నాడు.

"లింబాద్రి," అన్నాడు. "నిన్ను ఎన్ని తిట్లు తిట్టిన్రా నేను?"

"లెక్కలేదు మామా. మస్తు తిట్టినవ్."

"అన్ని వాపస్ తీస్కుంటున్న. ఊరికి పోయినంక గజ్జెలు గట్టుకో."

అవతల ఏ చప్పుడూ లేదు. లైన్ తెగిందేమోనని ఫోన్ మీదికి వంగాను. ఖతీఫ్ నుంచి యాదగిరి మెల్లగా, "ఉన్నవారా?" అని అడిగాడు.

"ఉన్న," అంది లింబాద్రి గొంతు. "మామా, ఇంకొక్కపారి పాడనా?"

కాక స్పానర్లు ఎత్తాడు.