మామకు చెప్పమని స్తంభంతో చెప్పాను

ఆ రోజుల్లో పెద్దవాళ్ల తప్పు పెద్దవాళ్లకు చెప్పడమంటే, పొగరు ఎద్దుకు ఎదురుపోయి దాని కొమ్ములు కొలవడమే. మూడో తరగతిలో నేనొకసారి చెప్పి చూశాను. పంతులుగారు బోర్డు మీద కూడిక తప్పు వేస్తే, "సార్, పదమూడు కాదు, పద్నాలుగు" అన్నాను. నా గొంతు అప్పటికే బొంగురు. మెల్లగా అన్నా పక్క తరగతి దాకా వినపడింది. సాయంత్రం వరకూ గోడకుర్చీ వేయించారు. మర్నాటి నుంచి మేకల వెంట పోయాను, అక్కడితో నా చదువు సరి. (అందుకే నేను చెప్తుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. ఎద్దు మాట రాయొద్దే అన్నాను, రాసేసింది.)

పెళ్లయి మార్కాపురం వచ్చాక పలకల ఫ్యాక్టరీలో చేరాను. మా షెడ్డుకు మేస్త్రి మా మామ, అంటే మా ఆయన్ని కన్నాయన. కోడలు మామ ఎదుట కూర్చోకూడదు, నేరుగా మాట్లాడకూడదు. ఇంట్లో ఆయన్ని భోజనానికి పిలవాలన్నా తలుపుతో చెప్పేదాన్ని: "ఓ తలుపా, అన్నం చల్లారిపోతాందని చెప్పు." తలుపు చెప్పకపోయినా ఆయన వచ్చేవాడు. ఆయన దగ్గర ఒక చెక్క కొలబద్ద ఉండేది. రాళ్లన్నీ దాని కొలతకే కోసేవాళ్లం. ఏళ్ల తరబడి రాతి మీద రుద్దుకుని దాని కొస అరిగి, అరవేలెడు పొట్టిదైంది. పలకలు చెక్కచట్రాల్లో వదులై గలగలలాడుతుంటే, షెడ్డులోని నలభైమంది ఆడవాళ్లకూ సంగతి తెలుసు. కానీ ఆయన కొందరికి మామ, కొందరికి బాబాయి, మిగిలినవాళ్లకు తాత. ఎవరు చెప్తారు? పాత పేపరు మడతపెట్టి సందుల్లో కుక్కి, నోరు మూసుకుని పంపేవాళ్లం.

అట్లా ఉండగా, మా పలకలు కొనే హాలండు కంపెనీ నుంచి ఒక పొడుగాటి దొరసాని దిగింది. ఒక పలక తీసి ఊపింది. రాయి జారి ఆమె బూటు మీద పడింది, దాని వెనకే పేపరు ముక్క, సినిమా బొమ్మతో సహా. ఇట్లా ఎందుకైందని యజమాని శెట్టిగారి చేత మమ్మల్ని అడిగించింది. "రాయి మంచిది కాదు మేడం" అన్నాం నలభైమందిమీ. "ఈ ఏడు వానలు గూడా లేవు గదా" అని మా వదిన కలిపింది.

దొరసాని నమ్మలేదు. వాళ్ల దేశంలో పిల్లలు పంతులు తప్పును పంతులుకే చెప్తారట, ఆయన థాంక్స్ అంటాడట! పనివాళ్లు మేనేజరు మొహం మీదే చెప్తారట! రేపటిలోగా తప్పేదో మా నోటితో మేం చెప్తేనే ఆర్డరు, లేకుంటే లేదంది. శెట్టిగారు ఆ మాట తెలుగులో చెప్తూనే చెమటలు కక్కారు. ఆర్డరు పోతే షెడ్డు మూతే. నాకు నెలల పిల్ల. షెడ్డు నీడన ఉయ్యాల కట్టుకుని పని చేసుకునేదాన్ని; మిరపకోతకు పోతే ఆ ఎండలో దాన్నెక్కడ పడుకోబెట్టను?

మర్నాడు షెడ్డులో కుర్చీలు గుండ్రంగా వేయించింది. మామ ఒకదాంట్లో కూర్చున్నాడు. ఆయన ముందు మేమెట్లా కూర్చుంటాం? కుర్చీల వెనక నేల మీద చతికిలబడ్డాం. మేం కింద ఉంటే తానెందుకు పైనని దొరసానీ కిందికి దిగింది. దొరసాని కింద కూర్చుంటే మామ చప్పున లేచి నిలబడ్డాడు. మేస్త్రి నిలబడ్డాడని శెట్టిగారూ లేచారు. చివరికి మీటింగు ఖాళీ కుర్చీలకే జరిగింది.

"చెప్పండమ్మా, ఎవురన్నా చెప్పండి, మీకు పుణ్యముంటాది" అని శెట్టిగారు బతిమాలారు.  ఉయ్యాలలో పిల్ల ఏడ్చింది. నాకేం పుట్టిందో, కొంగు తల మీదికి లాక్కుని, షెడ్డు మధ్యలో ఉన్న రాతిస్తంభం వైపు తిరిగాను.

"ఓ స్తంభమా! మా మామ చేతిలో బద్ద కొస అరిగిపోయిందంట, అరవేలు పొట్టంట, పలకలన్నీ అందుకే ఊడిపోతాన్నాయంట, ఆయనకు చెప్పు!"

మెల్లగానే అన్నాననుకున్నాను. రోడ్డు మీద రిక్షావాడు ఆగి తొంగి చూశాడు.

మామ ముందుకొచ్చాడు. దొరసాని దగ్గరున్న ఇనుప టేపు అడిగి తీసుకుని బద్ద కొలిచాడు. మళ్లీ కొలిచాడు. ప్రభువా, ఈ పూట నా కాపురం మునిగిందనుకున్నాను. ఆయన స్తంభం వైపు తిరిగాడు.

"ఏమే స్తంభమా! తెలిసి గూడా నోట్లో పేపరు కుక్కుకోని కూచున్న ఈ ఆడోళ్లకు బుద్ధుందా అని అడుగు. అడిగి, రేపటినుంచి కొత్త బద్ద మా కోడలు చూసి సరే అంటేనే రాయి కోస్తానని గూడా చెప్పు."

దొరసాని ఇదంతా పుస్తకంలో రాసుకుంది. ఆర్డరు నిలిచింది. పోతూ పోతూ, వారానికొక గంట స్తంభానికి కేటాయించాలని శెట్టిగారికి చెప్పి పోయింది. ఇక చూడండి! శనివారం వస్తే స్తంభం ముందు క్యూ. "స్తంభమా, శెట్టి ఇచ్చే టీలో నా మొగం కనపడతాంది" అని మా వదిన. "స్తంభమా, మొగం సూసుకోని తాగమను" అని శెట్టిగారు.

ఇప్పుడు మామ లేడు, మా ఆయనా లేడు. ఒక్కమాట నేరుగా ఆడుకోకుండానే మామా నేనూ పదకొండేళ్లు కలిసి షెడ్డు నడిపాం. ఇప్పుడు నేనే మేస్త్రిని. మొన్న కొత్తగా చేరిన పిల్ల నా మొహం మీదే, "పెద్దమ్మా, రాయి మీద నువ్వు గీసిన గీత వంకర పోయింది, అద్దాలు మార్పించుకో" అంది. ఒళ్లు మండింది. గోడకుర్చీ వేయిద్దామనుకున్నాను. గీత చూస్తే వంకరే. థాంక్స్ అందామంటే నోరు రాలేదు. పక్కనున్న పలకల బస్తాతో, "పిల్ల మంచిదేనని చెప్పు" అన్నాను.