కేకు మీద ఎనిమిదంకెలు

మా ఆవిడ కండ్లకోయలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. అక్కడ ఆమె మాటలకు, నవ్వుకు అడ్డూ అదుపూ ఉండదని ఆమె స్టూడెంట్లే నాతో అన్నారు. అలియాబాద్‌లోని మా ఇంట్లో మాత్రం పెళ్లయిన దగ్గర్నుంచి "సరే అత్తమ్మా", "తిన్న అత్తమ్మా" తప్ప ఆమె నోటివెంట మాట లేదు. చెరువులో చేపలు పట్టే నాయినతో, వాటిని అమ్మే అమ్మతో తన లెక్కల గురించి ఏం మాట్లాడాలని ఆమె మొహమాటం. కోడలికి చదువు గర్వమేమోనని అమ్మ అనుమానం. మధ్యలో నలిగింది నేను. ఆమె కాలేజీలో నవ్వే నవ్వు మా ఇంట్లో ఒక్కసారైనా వినాలని నాకు పట్టుదల పుట్టింది.

అందుకే ఆమె పుట్టినరోజుకు, పొడవాటి కేకు మీద పేరుకు బదులు ఆమెకు ప్రాణమైన సంఖ్యను రాయించాను: 73939133. ఇది ప్రధాన సంఖ్య, అంటే ఒకటీ తనూ తప్ప ఇంకేదీ దీన్ని శేషం లేకుండా భాగించలేదు. చివరి అంకె తీసేస్తే మిగిలే 7393913 కూడా ప్రధాన సంఖ్యే. ఇంకోటి తీసినా అంతే. అలా ఒక్క ఏడు మిగిలేదాకా ఆ గుణం పోదు. తుర్కపల్లి ల్యాబులో పనిచేసే నాకు ఇదంతా ఆమె చెబితే తెలిసిందే.

ఇంటికొచ్చి డబ్బా తెరిచాను. కేకు మీద పది అంకెలున్నాయి! వెంటనే బేకరీకి ఫోన్ చేశాను.

"ఫోన్ నంబరే గదన్నా! రెండంకెలు తక్కువున్నయ్. బిల్లు మీద నీ నంబరు జూసి చివరియి రెండు నేనే కలిపిన. పరేషాన్ గాకు," అన్నాడు బేకరీ ఆయన, ఎంతో మేలు చేసినట్టు.

కత్తితో క్రీము గీకబోతుంటే మా ఆవిడ రానే వచ్చింది. కేకు చూసి బిత్తరపోయింది. ఫోన్ నంబరు సంగతి చెప్పాను. అంతే, పొట్ట పట్టుకుని కూలబడి నవ్వింది. ఏమైందోనని వంటింట్లోంచి అమ్మ ఉరికొచ్చింది.

"అత్తమ్మా, దీనెనక ఏ అంకె వెట్టినా ఖరాబైతది. గిసొంటి నంబర్లల్ల గిదే అన్నిటికంటె పెద్దది. గాయన ఒకటి గాదు, రెండు వెట్టిండు!"

"మరి గిప్పుడెట్లనే?" అమ్మ నిజంగానే కంగారుపడింది.

"ఏముంది, కుడి దిక్కుకెల్లి కోసుడే!"

ఎక్కువైన రెండు ముక్కలూ నాయిన నోట్లోకి పోయాయి. ఇక అసలు సంఖ్య మిగిలింది. ఆమె ఒక్కో ముక్క కోసి నవ్వులు విని వచ్చిన పక్కింటి పిల్లలకు పంచుతూ, ప్రతిసారీ అమ్మకు పరీక్ష పెట్టింది.

"ఇప్పుడు రెండుతోని పోతదా అత్తమ్మా?"

"పోదు!"

"ఏడుతోని?"

"గా ఎక్కం నాకు రాదు గని, నువ్వు పోదంటె పోదు."

ఇల్లంతా నవ్వులే. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది. చివరికి ఏడు ఒక్కటే మిగిలింది. అమ్మ ఆ ముక్క తీసి కోడలి నోట్లో పెట్టింది.

"గిన్ని దినాలు గిన్ని మాటలు యాడ దాసినవ్ బిడ్డా?"

మా ఆవిడ నోటినిండా కేకు, కళ్లనిండా నీళ్లు. ఆ నోటితోనే ఏదో చెప్పబోయింది.

"మెల్లగ మింగి చెప్పు, నేనేడికి పోత?" అంటూ అమ్మ ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.